అక్కా, ఆ లైటు వేయించుకునే ముందు

అక్కా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. కళ్ళు ఎండిపోయాయని డాక్టరు అంటున్నాడు, మరి పొద్దస్తమానం నీళ్ళెందుకు కారుతున్నాయిరా అని అడిగావు, లైటు కొట్టించుకుంటే పోతుందట, వచ్చే వారమే మొదలు అని కూడా అన్నావు. ఫోన్లో చెబుదామంటే మధ్యలో బావగారికి ఫోను ఇచ్చేస్తావు, సగం మాట పోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. పైగా నీకు చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది.

పోయినేడాది వీడియో కాల్లో నా చెంప మీద గోధుమరంగు మచ్చ చూసి ఏంట్రా అది అన్నావు, గుర్తుందా? షేవింగ్‌లో గీసుకుందన్నాను. అబద్ధం. అది ఈ లైటు వల్ల వచ్చిందే. సరిగ్గా చూసుంటే నీకే తెలిసిపోయేది, అది గీత కాదు, నాలుగు మూలలున్న బిళ్ళ, ఆ మిషన్ మూతి ఎంతుందో సరిగ్గా అంత.

ముందు నీ నీళ్ళ సంగతి. కన్నీళ్ళంటే ఉత్త నీళ్ళు కాదట, పైన పల్చటి నూనె పొర ఉంటుంది, అది ఉంటేనే కింది నీళ్ళు ఆవిరి కాకుండా నిలుస్తాయి. ఆ నూనె రెప్పల అంచున, వెంట్రుకల వెనకాల వరసగా ఉండే సన్న గ్రంథుల్లోంచి వస్తుంది. మీబోమ్ అనే జర్మన్ డాక్టరు 1666లో వాటి గురించి రాశాడని ఆయన పేరే పెట్టారు, మీబోమియన్ గ్రంథులని. అవి మూసుకుపోతే కన్ను ఆరిపోతుంది, మండుతుంది, ఆ మంటకి లోపల్నుంచి ఒక్కసారిగా నీళ్ళు ఊరతాయి కానీ నిలిపే నూనె లేక చెంప మీదకి జారిపోతాయి. కారేదీ నిజమే, ఎండిందీ నిజమే. మనం రెప్ప పూర్తిగా వేసినప్పుడల్లా ఆ గ్రంథులు కాస్త పిండినట్టయి నూనె బయటికి వస్తుంది. స్క్రీను ముందు కూర్చుంటే రెప్ప వేసేదే తక్కువ, వేసినా సగమే. నాకు వచ్చింది అలాగే, రోజంతా కంప్యూటరు, దానికి తోడు ఆఫీసులో మొహం మీదకి హీటరు గాలి.

ఆ లైటు పేరు ఐపీఎల్, నవ్వకు. ఇంటెన్స్ పల్స్‌డ్ లైట్ అని. లేజర్ కాదు, కెమెరా ఫ్లాష్ లాంటి జెనాన్ దీపమే, కాకపోతే చాలా బలమైంది. ముందు దీన్ని చర్మం డాక్టర్లు ముఖం మీద ఎర్రదనానికి వాడేవారు. అమెరికాలో మెంఫిస్‌లో రోలాండో టోయోస్ అనే కంటి డాక్టరు, అలా వేయించుకున్నవాళ్ళకి కళ్ళ మంట కూడా తగ్గుతోందని గమనించాడు, అక్కడ మొదలైంది ఇదంతా. మందులకీ, వైద్య మిషన్లకీ అనుమతిచ్చే అక్కడి ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో మొదటిసారి ఒక మిషన్‌ని ఈ జబ్బుకే అనుమతించింది. లైటు కంట్లోకి కొట్టరు, భయపడకు. కింది రెప్ప దిగువన ఈ చెవి దగ్గర్నుంచి ఆ చెవి దగ్గరికి చెంపల మీదుగా కొడతారు. రెప్పల దగ్గర పిచ్చిగా పెరిగిన సన్న రక్తనాళాల్లోని రక్తం ఆ కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది, నాళాలు మూసుకుపోతాయి, వాటి వల్ల వచ్చే వాపు తగ్గుతుంది, ముఖ్యంగా పనిచేసేది అలాగని డాక్టర్లు చెప్తారు.

మన బాధంతా ఇక్కడే. రక్తం ఒక్కటే కాదు, చర్మంలో రంగునిచ్చే మెలనిన్ కూడా అదే కాంతిని పీల్చుకుంటుంది. చర్మాన్ని ఒకటి నుంచి ఆరు దాకా రకాలుగా లెక్కేస్తారు, బాగా తెల్లగా ఉంటే ఒకటి, బాగా నల్లగా ఉంటే ఆరు, ఆ ఎఫ్‌డీఏ అనుమతి మొదటి నాలుగింటికే. మనది చామనఛాయ కదా, నేను నాలుగుకీ ఐదుకీ మధ్యలో ఉన్నాను, నువ్వు నాకంటే ఒక ఛాయ నలుపే, కోప్పడకు.

నేను మొదట వెళ్ళిన చోట ఇవేవీ అడగలేదు. అంతకు ముందు వారమంతా సెలవుల్లో ఎండలో తిరిగొచ్చాను, రెప్పల వాపుకని డాక్సీసైక్లిన్ మాత్రలు కూడా వేసుకుంటున్నాను, ఆ మాత్ర వేసుకుంటే చర్మం వెలుతురుకి త్వరగా కందుతుంది. వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. కళ్ళ మీద నల్ల కవచాలు పెట్టి, చెంపలకి చల్లటి జెల్ రాసి మొదలుపెట్టారు. చిట్లిన నూనె చుక్క చెంప మీద పడ్డట్టు ఒక్కో చురక, కళ్ళు మూసుకున్నా, కవచం ఉన్నా తెల్లగా మెరుపు తెలుస్తూనే ఉంది. నాలుగో చురకకి కమురు వాసన వచ్చింది. మామూలే అన్నారు. సాయంత్రానికి పొక్కింది, తర్వాత నల్లబడింది, పోవడానికి నాలుగు నెలలు పట్టింది.

తర్వాత వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మచ్చ పూర్తిగా పోయేదాకా లైటు ముట్టుకోనంది. తర్వాత కూడా బాగా తగ్గించి, ముందు చెవి దగ్గర ఒక్క చోట కొట్టి చూసి, రెండు రోజులాగి రమ్మంది. మూడేసి వారాలకి ఒకటి చొప్పున నాలుగుసార్లు వేసింది. లైటు కంటే దాని తర్వాత రెప్పని నొక్కి పిండడమే నరకం అక్కా. మొదటిసారి పసుపుగా, ట్యూబులోంచి పేస్టు వచ్చినట్టు తీగలా వచ్చింది, స్క్రీను మీద చూపించింది కూడా, చూడకుండా ఉంటే బాగుండేది. నాలుగోసారికి పల్చగా వచ్చింది, అసలు ఉండాల్సింది అలాగేనట.

తగ్గిందా అంటే, తగ్గింది. రోజుకి ఎనిమిదిసార్లు వేసుకునే చుక్కలు ఇప్పుడు రెండుసార్లే, పొద్దున రెప్పలు అంటుకుపోవడం లేదు. కానీ ఎనిమిది నెలలకి మళ్ళీ నలక పడ్డట్టు మొదలైంది, మళ్ళీ ఒకసారి వేయించుకోవాలేమో. 2020లో కాక్రేన్ అని, వైద్య పరిశోధనలన్నీ కలిపి పరిశీలించే సంస్థ వాళ్ళు అప్పటిదాకా జరిగిన పరీక్షలన్నీ చూసి, గట్టి రుజువు ఇంకా లేదనే తేల్చారు. అందుకే శాశ్వతంగా పోతుందని ఎవరైనా అంటే నమ్మకు.

అసలు నాకు టెన్షన్‌గా ఉన్నది వేరే. నోరు కూడా ఎండిపోతోంది, రాత్రి లేచి నీళ్ళు తాగుతున్నానని ఆ మధ్య అన్నావు. వేళ్ళ కీళ్ళ నొప్పులూ ఉన్నాయి నీకు. నూనె తక్కువై ఎండడం వేరు, నీళ్ళే ఊరకపోవడం వేరు. షోగ్రెన్ అనే జబ్బులో ఒంట్లో రక్షణ వ్యవస్థే కన్నీటి గ్రంథుల మీద, లాలాజల గ్రంథుల మీద పడుతుంది, దానికి రక్త పరీక్షలున్నాయి. అదే అయితే ఈ లైటు ఒక్కదానితో సరిపోదు. నీకు నీళ్ళు కారుతున్నాయి కాబట్టి కాకపోవచ్చు కూడా, కానీ చూపించుకోకుండా లైటుకి వెళ్ళకు. కింది రెప్పలో కాగితం ముక్క పెట్టి ఎంత తడుస్తుందో ఐదు నిమిషాలు చూశారా? పసుపు రంగు చుక్క వేసి, రెప్ప వేయకుండా కన్నీటి పొర ఎన్ని సెకన్లు నిలిచిందో లెక్కపెట్టారా? గ్రంథుల ఫోటో తీశారా? అసలివేవీ చేయకుండా నాలుగు సిట్టింగులు రాసేస్తే మాత్రం అక్కడ వద్దు.

ఈలోపు వేడి కాపడం పెట్టుకో, పది నిమిషాలు. తడిగుడ్డ రెండు నిమిషాల్లో చల్లారిపోతుంది, మళ్ళీ మళ్ళీ వేడి చేయాలి. తర్వాత రెప్పని అంచు వైపుకి మెల్లగా నిమురు, కన్నుగుడ్డుని నొక్కకు. నువ్వు మూడు రోజులు చేసి మానేస్తావని తెలుసు, బావగారికి చెప్పు గుర్తుచేయమని.

ఆదివారం రిపోర్టుల ఫోటోలు పంపు, వేసుకునే మాత్రల పేర్లు కూడా. అమ్మకి మాత్రం షేవింగ్ కథే ఉండనీ.

తమ్ముడు