సాఫ్ట్‌వేర్‌కూ ఒక పూడికతీత కాలం కావాలి

సంపాదకులు గారికి నమస్కారం.

రాజమహేంద్రవరంలో ఇన్నోవేషన్ హబ్ ఏర్పాటైనప్పటి నుంచి కాకినాడ, భీమవరం, తాడేపల్లిగూడెం పట్టణాలకు ఏ సాఫ్ట్‌వేర్ సంస్థలు వస్తాయి, ఎందరికి ఉద్యోగాలు దొరుకుతాయి అన్న చర్చ మన జిల్లాల్లో ఉత్సాహంగా సాగుతోంది. సంతోషించవలసిన విషయమే. అయితే ఇప్పటికే ఇక్కడ మిల్లులకు, రొయ్యల మేత దుకాణాలకు, ఐసు ఫ్యాక్టరీలకు, ఆసుపత్రులకు ప్రోగ్రాములు రాసి పెడుతూ ఏళ్ళ తరబడి బతుకుతున్న చిన్న సంస్థల సంగతి ఆ చర్చలో ఎక్కడా వినిపించడం లేదు. భీమవరంలో ఆరుగురు ఉద్యోగులతో అలాంటి సంస్థ నడుపుతున్నవాడిగా, ఈ వ్యాపారంలో డబ్బూ శ్రమా ముందు దేనికి వెచ్చించాలన్న దాని మీద నా అనుభవం పాఠకుల ముందు పెట్టదలచుకున్నాను.

రెండేళ్ళ కిందట మా ఖాతాదారులైన ఒక తవుడు నూనె మిల్లువారు పొద్దున్నే కంప్యూటరు తెరిచేసరికి ఒక్క ఫైలూ తెరుచుకోలేదు. డబ్బు కడితే తాళం తీస్తామన్న బెదిరింపు మాత్రం తెర మీద ఉంది. ఏడాదికి 5 కోట్ల రూపాయలు దాటిన వ్యాపారానికి 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసిన బిల్లు, తప్పనిసరి అయింది. సరుకు రవాణాకు కావలసిన ఈ-వే బిల్లు లేకుండా లారీ గేటు దాటడానికి లేదు. మూడు రోజులపాటు మా కుర్రవాళ్ళు ప్రభుత్వ పోర్టల్‌లో ఒక్కొక్క బిల్లూ చేత్తో నింపుతూ కూర్చుంటే, సరుకెత్తిన లారీలు కాటా దగ్గర వరుసకట్టి నిలబడ్డాయి. ఎక్కడ లోపం జరిగిందని వెతికితే అది మా దగ్గరే తేలింది. దూరం నుంచి మరమ్మతు చేయడానికి వాడే ప్రోగ్రాముకు ఖాతాదారులందరి దగ్గరా ఒకటే పాస్‌వర్డ్ పెట్టి ఉంచాము. రోజూ తీసే బ్యాకప్ కూడా అదే కంప్యూటరుకు తగిలించి ఉంచిన డిస్కులోకి వెళ్ళేది కాబట్టి అసలుతోపాటు నకలుకూ తాళం పడింది. ఆ మిల్లువారికి అప్పటికి నాలుగు నెలలుగా మేము చేస్తున్న పని ఏమిటంటే, యజమాని ఫోనులో రంగురంగుల పట్టికలు కనిపించేలా కొత్త సదుపాయం తయారు చేయడం. నిర్వహణ ఒప్పందం కోసం ఏటా అడుగుతూనే ఉన్నా, పాడైనదేదీ లేనప్పుడు డబ్బెందుకని వారు వాయిదా వేస్తూ వచ్చారు. గట్టిగా చెప్పవలసిన బాధ్యత మాది, మేము చెప్పలేదు.

డెల్టా రైతుకు ఈ సంగతి ఒకరు చెప్పనక్కర లేదు. ఏటా దాళ్వా (రెండో పంట) అయ్యాక కాలువలు కట్టేసి, పూడిక తీసి, గుర్రపుడెక్క తొలగించి, లాకుల తలుపులు బాగుచేసుకోకపోతే సార్వాలో (తొలి పంటలో) శివారు పొలానికి నీరందదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా పచ్చగా నిలిచిందంటే, కట్టిన దాన్ని ఏటా చూసుకుంటూ రావడం కూడా అందుకు కారణం. సాఫ్ట్‌వేర్ ఒకసారి రాసి ఇస్తే అలాగే ఉంటుందని కొనేవారూ అమ్మేవారూ కూడా అనుకుంటున్నారు. మనం రాసింది మారకపోయినా దాని కింద ఉన్నవన్నీ మారిపోతుంటాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. మన ఊళ్ళలో బిల్లింగ్ కౌంటర్ల మీద అదే ఇంకా నడుస్తోంది, కొన్నిచోట్ల అంతకన్నా పాతది కూడా. 2017 మే నెలలో వన్నాక్రై అన్న హానికర ప్రోగ్రాము ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలు వేసినప్పుడు, దాన్ని అడ్డుకునే సవరణను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదల చేసి ఉంది. అది వేసుకోని చోట్ల దెబ్బ తగిలింది, మన రాష్ట్ర పోలీసు కంప్యూటర్లు కొన్నింటితో సహా. 2021 డిసెంబరులో ఎన్నో సాఫ్ట్‌వేర్‌లలో భాగంగా వాడే లాగ్‌ఫోర్‌జే అన్న ఉచిత ప్రోగ్రాములో పెద్ద లోపం బయటపడినప్పుడు, అది తమ సాఫ్ట్‌వేర్‌లో ఉందో లేదో తేల్చుకోవడానికే ఎన్నో సంస్థలకు రోజులు పట్టింది. బయటి నుంచి తెచ్చుకుని వాడుతున్న భాగాల జాబితా రాసి పెట్టుకోవడం ఖర్చులేని పని, అయినా మా తరహా సంస్థల్లో అది చేసినవారు నాకు తారసపడలేదు.

ఇది మిల్లుకూ మాకూ మధ్య వ్యవహారం మాత్రమే అయితే నేను పత్రికకు రాసేవాణ్ణి కాదు. 2024 జులైలో చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే ఒకే ఒక సంస్థ మీద ఇలాంటి దాడి జరిగినందుకు, దాదాపు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల చెల్లింపులను జాతీయ వ్యవస్థ నుంచి తాత్కాలికంగా విడదీయవలసి వచ్చింది. ఆ బ్యాంకులలో ఖాతా ఉన్న రైతు ఏ తప్పూ చేయలేదు, ఆ సంస్థ పేరు కూడా విని ఉండడు. 2022లో మొదలైన కేంద్ర పథకం కింద ఊరి సొసైటీలు కూడా కంప్యూటర్ల మీదికి వస్తున్నాయి. ఇక ముందు ఒకరి అశ్రద్ధ ఊరందరికీ తగులుతుంది.

చట్టం కూడా ఊరుకోదు. సైబర్ సంఘటన తెలిసిన 6 గంటల లోపల సైబర్ భద్రతను చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలని, లాగ్‌లను (కంప్యూటరులో ఎప్పుడేం జరిగిందో నమోదయ్యే చిట్టాలను) 180 రోజులు భద్రపరచాలని 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాలు చెబుతున్నాయి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం తగిన భద్రత పాటించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చు. 2025 నవంబరులో నిబంధనలు వెలువడ్డాయి. ప్రధాన బాధ్యతలకు ఇచ్చిన గడువు 18 నెలలు. రోగుల వివరాలు నమోదు చేసే పట్టణ ఆసుపత్రులూ వారికి ప్రోగ్రాములు అమ్మే మావంటివారూ ఇప్పటి నుంచే సిద్ధపడాలి.

ఎదుగుదల గురించి కూడా మన ప్రాంతం నేర్చుకున్న పాఠం ఒకటి ఉంది. చెరువు మోయగలిగిన దానికన్నా ఎక్కువ రొయ్యపిల్ల వేసినవారు ఏమయ్యారో, 1990ల నడుమ తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్యను ఊడ్చిపెట్టినప్పుడు ఇక్కడ ఎన్ని కుటుంబాలు అప్పులపాలయ్యాయో పెద్దలకు గుర్తుంది. ఉన్న ఖాతాదారులకే సరిగా సేవ చేయలేని స్థితిలో తక్కువ ధరకు కొత్తవారిని చేర్చుకుంటూ పోవడం కూడా అలాంటిదే. ఇప్పుడు అందరూ కృత్రిమ మేధ కావాలంటున్నారు. నేను దానికి వ్యతిరేకిని కాను, మా సంస్థలో కోడ్ రాయడానికి దాన్ని వాడుతున్నాము కూడా. కానీ అది రాసిన ప్రతి పంక్తినీ చదివి సరిచూసే మనిషి లేనిచోట, పాస్‌వర్డ్‌తోపాటు రెండో రుజువు కూడా అడిగే రెండు దశల లాగిన్ కూడా లేనిచోట దాన్ని తెచ్చి పెట్టడం తొందరపాటు. అంతకన్నా పెద్ద ప్రమాదం, ప్రోగ్రామంతా ఒకే కుర్రవాడి తలలో ఉండడం. అతను మంచి జీతానికి హైదరాబాదు వెళ్ళిపోతాడు. వెళ్ళాలి కూడా. అతను వెళ్ళాక మిగిలినవాళ్ళు చదువుకుని పని నడపగలిగేలా అంతా రాసి పెట్టి ఉండాలి.

ప్రభుత్వ కార్యాలయాలూ సహకార సంఘాలూ టెండరులో తక్కువ ధర ఒక్కటే చూడకుండా, ఐదేళ్ళ నిర్వహణ ఖర్చును విడిగా చూపమని అడగాలని నా విన్నపం. అలా అడిగిన రోజు మాలో మాకు పోటీ కూడా సక్రమంగా ఉంటుంది. కాకినాడ జేఎన్‌టీయూ, తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ వంటి విద్యాసంస్థలు తమ విద్యార్థులను ఏడాదికి ఒకసారి ఊళ్ళోని చిన్న సంస్థలకు పంపి, బ్యాకప్ నుంచి డేటాను నిజంగా వెనక్కి తేగలరో లేదో పరీక్షించమంటే రెండు పక్షాలకూ మేలు. బ్యాకప్ ఉందని చెప్పడం వేరు, దాని నుంచి ఒక ఖాళీ కంప్యూటరులోకి మొత్తం తెచ్చి చూపడం వేరు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు, మూడు నకళ్ళలో ఒకటి వేరే ఊళ్ళో ఉండాలన్న నియమం ఎందుకు పెట్టారో మాకు బాగా అర్థమైంది.

ఆ మిల్లు సంఘటన తరువాత మేము ప్రతి ఖాతాదారుకూ వేరువేరు పాస్‌వర్డులు, రెండు దశల లాగిన్ పెట్టాము. ధర పట్టికలో నిర్వహణను విడిగా రాస్తున్నాము. అది నచ్చక ముగ్గురు ఖాతాదారులు వెళ్ళిపోయారు, ఆ మిల్లువారు మాత్రం మాతోనే ఉన్నారు. ఏటా కాలువలు కట్టేసే రోజుల్లో పదిహేను రోజులు కొత్త పనేదీ ముట్టుకోకుండా పాత ప్రోగ్రాములను సరిచూసుకోవడం అలవాటు చేసుకున్నాము. ఆ రోజుల్లో మా పద్ధతి చూడాలనుకునే చిన్న సంస్థలవారు ఎవరు వచ్చినా, పోటీదారులైనా సరే, కూర్చోబెట్టి చూపిస్తాము.

ఇట్లు,
ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ నిర్వాహకుడు,
భీమవరం, పశ్చిమ గోదావరి జిల్లా.