ఎర్ర రక్తకణాల పాఠానికి సాయపడ్డ అందరికీ కృతజ్ఞతలు

ఎర్ర రక్తకణాల తయారీ మీద మేం రాసిన పాఠానికి స్లైడ్ ఫోటోలు పంపినవారికి, చిత్తుప్రతి ఓపిగ్గా చదివి సూచనలిచ్చినవారికి మనసారా ధన్యవాదాలు.

ఎముక మజ్జ ఫోటోలే ఈ పాఠానికి ప్రాణం. ఎర్రకణం తయారీలో తొలి దశ అయిన ప్రోఎరిథ్రోబ్లాస్ట్ దశలో ముదురు నీలం సైటోప్లాజం (కేంద్రకం చుట్టూ ఉండే కణద్రవ్యం), పెద్ద కేంద్రకం. హిమోగ్లోబిన్ నిండేకొద్దీ ఆ నీలం బూడిదరంగుకి, తర్వాత గులాబీ రంగుకి మారుతుంది. కేంద్రకం ముడుచుకుపోయి నల్లటి చుక్కలా మిగిలి, చివరికి కణం నుంచి బయటపడుతుంది, పక్కనున్న మాక్రోఫేజ్ (వ్యర్థాల్ని మింగే కణం) దాన్ని మింగేస్తుంది. కేంద్రకం సగం బయటికొచ్చిన కణం ఒక ఫోటోలో ఎంత స్పష్టంగా ఉందో! విద్యార్థులకి ఇంతకంటే ఏం కావాలి?

మెగలోబ్లాస్ట్ (ఎదుగుదల దెబ్బతిని పెద్దగా తయారైన ఎర్రకణపు మాతృకణం) ఫోటోలు కూడా అంతే విలువైనవి. బి12 గానీ ఫోలేట్ గానీ తగ్గితే డీఎన్ఏ తయారీ మందగిస్తుంది, హిమోగ్లోబిన్ తయారీ మాత్రం సాగిపోతుంది. అందుకే సైటోప్లాజం ముదిరినా కేంద్రకం లేతగానే ఉండిపోతుంది. అలాంటి కణాలు చాలావరకు మజ్జలోనే నశిస్తాయి.

రెటిక్యులోసైట్ల (కేంద్రకం పోయి అప్పుడే తయారైన లేత ఎర్రకణాల) లెక్క గురించి రాసిన ల్యాబ్ టెక్నీషియన్లకి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఈడీటీఏ (గడ్డకట్టకుండా ఆపే రసాయనం) కలిపిన రక్తం, న్యూ మిథిలీన్ బ్లూ అనే స్టెయిన్ (రంగు ద్రావణం) సమానంగా కలిపి, 37 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచాలి. స్మియర్ (గాజు పలక మీద పలచటి రక్తపు పొర) తీసేముందు మళ్లీ నెమ్మదిగా కలపాలన్న మీ మాట పాఠంలో చేర్చాం. రెటిక్యులోసైట్లు తేలికగా ఉండి పైకి చేరతాయి కాబట్టి, కలపకపోతే లెక్క తప్పుతుంది. మైక్రోస్కోప్ కింద నూనె చుక్క వేసి చూసే ఆయిల్ ఇమ్మర్షన్‌లో 1000 ఎర్రకణాలు లెక్కపెట్టి, వాటిలో రెటిక్యులోసైట్లు ఎంత శాతమో చూడాలి.

వచ్చిన శాతాన్ని అలాగే నమ్మొద్దని పట్టుబట్టిన డాక్టర్లకి కూడా ధన్యవాదాలు. హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే శాతం) 25, రెటిక్యులోసైట్లు 4.5 శాతం అనుకుందాం. చూడ్డానికి మజ్జ బాగా పనిచేస్తున్నట్టే ఉంటుంది. 4.5ని 25తో గుణించి, మామూలు హిమటోక్రిట్ అయిన 45తో భాగిస్తే 2.5 వస్తుంది. రక్తహీనతలో రెటిక్యులోసైట్లు మజ్జ నుంచి ముందే బయటికొచ్చి, రక్తంలో ఎక్కువ కాలం ఉంటాయి. ఈ హిమటోక్రిట్ దగ్గర అందుకోసం మరో 2తో భాగిస్తే మిగిలేది 1.25. ఇది 2 కంటే తక్కువ, అంటే మజ్జ తగినంతగా స్పందించడం లేదు. ఎరిథ్రోపోయిటిన్ (ఎర్రకణాల తయారీని పురిగొల్పే హార్మోన్) చాలడం లేదా, ఇనుము తగ్గిందా, మజ్జలోనే లోపమా అన్న వెతుకులాట ఇక్కడే మొదలవ్వాలి.

స్టెయిన్ వడకట్టి వాడాలన్న సూచన కూడా చేర్చాం. అడుగున పేరుకున్న మడ్డి కణాల మీద పడితే రెటిక్యులోసైట్లలోని చుక్కల్లాగే కనిపిస్తుంది.