అమ్మలూ, 147 పౌండ్ల దగ్గర మొదటివాడు ఎవరంటే

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. బాక్సింగ్‌లో వెల్టర్‌వెయిట్, అంటే 147 పౌండ్లు మించని తరగతిలో, అందరికన్నా గొప్పవాడు ఫ్లాయిడ్ మేవెదరేనని రాశావు. అతనికి 50 పోటీల్లో ఒక్క ఓటమీ లేదు, షుగర్ రే రాబిన్సన్ 19 సార్లు ఓడాడు, ఇంక రాబిన్సనే మొదటివాడని నేను వాదించడానికి ఏముంది అన్నావు. రెండు అంకెలూ నిజమే. కానీ నువ్వు అడిగిన ప్రశ్నకి అవి జవాబు చెప్పవు. ప్రశ్న 147 పౌండ్ల గురించి, అంటే 66.7 కిలోల గురించి. ఒక బాక్సర్ జీవితమంతా ఏం సాధించాడన్నది వేరే లెక్క. ఈ రెండు లెక్కలూ కలిపేసుకోవడం వల్లే ఈ వాదన ఎప్పుడూ తెగదు.

ఆ 19 ఓటములకీ పక్కన తేదీ, బరువు వేసి చూడు. రాబిన్సన్ 1940 అక్టోబరులో ప్రొఫెషనల్‌గా దిగాడు. వరసగా 40 గెలిచాక, 1943 ఫిబ్రవరి 5న డెట్రాయిట్‌లో జేక్ లమోటా చేతిలో మొదటిసారి ఓడాడు. ఆ రోజు రాబిన్సన్ తూగింది 144 చిల్లర, లమోటా 160 చిల్లర. పదహారు పౌండ్ల తేడా అంటే రెండు తరగతుల మనుషులు ఒకే రింగులోకి దిగినట్టు. ఎనిమిదో రౌండులో లమోటా అతణ్ని తాళ్ల సందులోంచి బయటికి పడగొట్టాడు. మూడు వారాలు తిరక్కుండానే రాబిన్సన్ అదే ఊళ్లో అతనితోనే తలపడి గెలిచాడు. రెండో ఓటమి ఎప్పుడనుకున్నావు? 1951 జులైలో, లండన్‌లో, రాండీ టర్పిన్ చేతిలో. మధ్యలో 91 పోటీలు ఓటమి లేకుండా జరిగాయి. టర్పిన్‌తో తలపడే నాటికి రాబిన్సన్ మిడిల్‌వెయిట్ (160 పౌండ్ల తరగతి) ఛాంపియన్. మిగతా 17 ఓటములూ ఆ తర్వాతివే, 1965 దాకా, వాటిలో సగానికి పైగా నలభై దాటినా రింగు వదలకపోవడం వల్ల వచ్చినవి. వెల్టర్‌వెయిట్‌గా ఉన్న రోజుల్లో, ఇంకో వెల్టర్‌వెయిట్ చేతిలో అతను ఓడిన పోటీ ఒక్కటి కూడా లేదు. కాబట్టి ఈ బరువు దగ్గర మేవెదర్ సున్నాకి రాబిన్సన్ సున్నా సమానం. ఇక చూడాల్సింది ఎవరి మీద గెలిచారన్నదే.

దానికి నీ నోట్‌బుక్‌లో ఒక పట్టిక గీసుకో. తేదీ, ఇద్దరి తూకం, ప్రత్యర్థి వయసు, ప్రత్యర్థికి అంతకు ముందు మూడు పోటీల ఫలితాలు, ఆ తర్వాత మూడింటి ఫలితాలు. చివరి రెండు గళ్లే అసలైనవి. ప్రత్యర్థి ఎక్కుతున్నాడా, దిగుతున్నాడా అన్నది అక్కడే తెలుస్తుంది. పేర్లు మాత్రమే లెక్కపెట్టేవాళ్లు మోసపోయేది ఇక్కడే. ఉదాహరణకి, రాబిన్సన్ 1943 ఆగస్టులో మాజీ ఛాంపియన్ హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ మీద గెలిచాడని గొప్పగా చెబుతారు. అది లెక్కలోకి తీసుకోకు. అప్పటికి ఆర్మ్‌స్ట్రాంగ్ బాగా అరిగిపోయాడు. అదే కిడ్ గవిలన్‌ని చూడు. రాబిన్సన్ 1949 జులైలో ఫిలడెల్ఫియాలో 15 రౌండ్లు ఆడి అతని మీద టైటిల్ నిలుపుకున్నప్పుడు గవిలన్‌కి 23 ఏళ్లు. రెండేళ్లకల్లా అదే గవిలన్ వెల్టర్‌వెయిట్ ఛాంపియన్ అయ్యాడు. 143 పోటీల జీవితంలో అతణ్ని ఎవరూ నాకౌట్ చేయలేకపోయారు. ఎక్కుతున్నవాణ్ని ఆపడమంటే అదీ.

టైటిల్ డిఫెన్సులు, అంటే టైటిల్ నిలుపుకున్న పోటీలు, రాబిన్సన్‌కి ఐదే ఉన్నాయి కదా అని ఎవరైనా అంటే దానికి కారణం ఉంది. యుద్ధకాలంలో ఛాంపియన్ ఫ్రెడ్డీ కాక్రేన్ నౌకాదళంలో ఉన్నాడు, టైటిల్ ఏళ్ల తరబడి కదలలేదు. అతని తర్వాత ఛాంపియన్ అయిన మార్టీ సర్వోని రాబిన్సన్ అంతకు ముందే రెండుసార్లు ఓడించి ఉన్నాడు. సర్వో ముక్కు దెబ్బతో తప్పుకున్నాక, 1946 డిసెంబరు 20న టామీ బెల్‌తో ఖాళీ టైటిల్ కోసం పోటీ జరిగింది. రెండో రౌండులో రాబిన్సన్ కింద పడ్డాడు, లేచి 15 రౌండ్లూ ఆడి పాయింట్ల మీద గెలిచాడు. బెల్టు నడుముకి చేరక ముందు నాలుగైదేళ్లుగా అతనే ఆ బరువులో మొదటివాడు. అందుకే డిఫెన్సుల సంఖ్యతో అతణ్ని కొలవకూడదు.

వీడియోల విషయంలో ఒక జాగ్రత్త. రాబిన్సన్ అంటూ అందరూ చూపించేవి, 1951లో లమోటాని పదమూడో రౌండులో ఆపినదీ, 1957లో జీన్ ఫుల్మర్‌ని ఒక్క లెఫ్ట్ హుక్‌తో (ఎడమచేత్తో పక్కనుంచి వేసే గుద్దు) పడగొట్టినదీ, రెండూ మిడిల్‌వెయిట్ పోటీలు. వెల్టర్‌వెయిట్ రాబిన్సన్ ఫిల్ముల మీద దొరికేది చాలా తక్కువ. ఫుల్మర్ పోటీలో నువ్వు చూసేది 36వ ఏట నడుస్తున్న మనిషిని. పదేళ్ల కిందట ఆ కాళ్లు ఇంకెంత చురుగ్గా ఉండేవో ఫలితాల పట్టిక నుంచి ఊహించుకోవాల్సిందే.

ఇప్పుడు ఆర్మ్‌స్ట్రాంగ్. రాబిన్సన్‌కి గట్టి పోటీ ఇచ్చేవాడు అతనొక్కడే అని నా ఉద్దేశం. 1937 అక్టోబరులో ఫెదర్‌వెయిట్ (126 పౌండ్లు) టైటిల్, 1938 మే 31న బార్నీ రాస్ మీద వెల్టర్‌వెయిట్, ఆగస్టులో లూ ఆంబర్స్ మీద లైట్‌వెయిట్ (135 పౌండ్లు). మూడూ ఒకేసారి చేతిలో ఉన్నాయి. ఆ రోజుల్లో ఒక్కో బరువుకీ సాధారణంగా ఒక్కడే ఛాంపియన్ అని గుర్తుపెట్టుకో. తర్వాతి రెండేళ్ల నాలుగు నెలల్లో వెల్టర్‌వెయిట్ టైటిల్ పద్దెనిమిది పందొమ్మిది సార్లు నిలుపుకున్నాడు. 1939 అక్టోబరు ఒక్క నెలలోనే 9, 13, 20, 24, 30 తేదీల్లో ఐదు డిఫెన్సులు, ఐదు వేర్వేరు నగరాల్లో. అతని పద్ధతి చూడు: తల ఎదుటివాడి ఛాతీకి ఆనించి, చేతులు ఆపకుండా పొట్టి గుద్దులు గుద్దుతూ ముందుకే నడుస్తాడు. ఎదుటివాడు చేయి చాపడానికి చోటుండదు. ఇదే అతని బలం, ఇదే నష్టం కూడా. తలతో దూరి ఆడేవాడికి కనుబొమలు చీలుతాయి, మానిన చోటే మళ్లీ తెగుతాయి. 1940 అక్టోబరు 4న ఫ్రిట్జీ జివిక్ గుద్దులన్నీ ఆ పాత మచ్చల మీదే గురిపెట్టి టైటిల్ లాక్కున్నాడు. (రాబిన్సన్ మొదటి ప్రొఫెషనల్ పోటీ అదే రాత్రి, అదే మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగింది.) ఆర్మ్‌స్ట్రాంగ్‌ని నేను రెండో స్థానంలో ఎందుకు పెడతానంటే, ఆ డిఫెన్సుల్లో సగానికి పైగా ప్రత్యర్థులు పై స్థాయివాళ్లు కారు. కానీ తూకంలో తరచూ 140కి లోపే ఉండి ఇదంతా చేశాడు. ఆ గౌరవం తగ్గించడానికి వీల్లేదు.

మూడోవాడు షుగర్ రే లెనార్డ్. ఇతని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నీ తరంవాళ్లకి ఒక విషయం తట్టదు. అప్పట్లో టైటిల్ పోటీ 15 రౌండ్లు. 1982 నవంబరులో కిమ్ డుక్ కూ అనే కొరియా బాక్సర్ రింగులో తిన్న దెబ్బలతో చనిపోయాక 12కి తగ్గించడం మొదలైంది. ఇప్పుడు లెనార్డ్ పెద్ద గెలుపులు రెండూ తీసుకో. 1979 నవంబరు 30న విల్‌ఫ్రెడ్ బెనీటెజ్‌ని ఆపింది 15వ రౌండులో, గంట మోగడానికి ఆరు సెకన్ల ముందు. 1981 సెప్టెంబరు 16న టామీ హర్న్స్‌ని ఆపింది 14వ రౌండులో. 13 రౌండ్ల తర్వాత ముగ్గురు జడ్జీల స్కోరు కార్డులూ హర్న్స్ వైపే ఉన్నాయి: 124-122, 125-122, 125-121. పదమూడో రౌండు లెనార్డే గెలిచాడు. అంటే 12 రౌండ్లకే ఆపి ఉంటే గెలుపు హర్న్స్‌ది.

ఆ పోటీని దగ్గరగా చూడు. హర్న్స్ చేతుల చాపు 78 అంగుళాలు. మొదటి ఐదు రౌండ్లూ అతని జాబ్ (ముందు చేత్తో సూటిగా వేసే గుద్దు) దాటి లోపలికి వెళ్లే దారి లెనార్డ్‌కి దొరకదు. ఎడమ కన్ను వాస్తుంది. ఆరో రౌండులో లెఫ్ట్ హుక్ తగిలాక హర్న్స్ తడబడతాడు, లెనార్డ్ వెంటనే పక్కటెముకల మీదికి దిగుతాడు. ఇక్కడ చాలామంది లెనార్డ్ పైచేయి అయిందనుకుంటారు. కానీ హర్న్స్ పద్ధతి మార్చేస్తాడు. కొట్టడానికి వచ్చినవాడు కాళ్ల మీద తిరుగుతూ దూరం నుంచి జాబ్‌తో పాయింట్లు తీసుకుంటాడు. తొమ్మిది నుంచి పన్నెండు దాకా మళ్లీ అతనిదే. అయితే ఏడో రౌండులో పొట్టకి తిన్న దెబ్బల ఫలం పదమూడులో బయటపడుతుంది. కాళ్లు బరువెక్కుతాయి, తాళ్ల దగ్గరికి చేరితే బయటికి రాలేడు. పొట్టకి కొట్టిన దెబ్బ ఆ రౌండులో కార్డు మీద పెద్దగా కనపడదు, ఆరు రౌండ్ల తర్వాత కనపడుతుంది. స్కోరు వేసేటప్పుడు కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు ఇదే, తలకి తగిలినవే లెక్కపెడతారు.

బెనీటెజ్, రొబెర్టో డురాన్, హర్న్స్, ముగ్గురూ ఒకే రెండేళ్లలో. డురాన్ చేతిలో 1980 జూన్‌లో మాంట్రియల్‌లో ఓడి, నవంబరులో న్యూ ఆర్లీన్స్‌లో ఎనిమిదో రౌండులో అతనే తప్పుకునేలా చేశాడు. మూడు గెలుపుల నాణ్యత ఒక్కటే చూస్తే లెనార్డ్ రాబిన్సన్‌నే దాటిపోతాడు. కానీ 1982లో కంటి రెటీనా ఊడి ఆపరేషన్ అయ్యేసరికి ఈ బరువులో అతని కథ ముగిసింది. టైటిల్ చేతిలో ఉన్న కాలం దాదాపు రెండున్నరేళ్లు, అంతే.

తూకం సంగతి కూడా తెలియాలి. రాబిన్సన్ కాలంలో పోటీ రోజునే తూచేవారు. మధ్యాహ్నం 147 అంటే రాత్రికి అంతకు రెండు మూడు పౌండ్లు ఎక్కువ, అంతే. ఇప్పుడు ముందు రోజే తూస్తారు. ఒంట్లో నీళ్లు పిండేసి 147 చూపించి, తెల్లారేసరికి పది పదిహేను పౌండ్లు తిరిగి ఎక్కించుకుంటారు. కాబట్టి ఇప్పటి వెల్టర్‌వెయిట్ రింగులో దాదాపు పాత మిడిల్‌వెయిట్. కాలాలు దాటి ఇద్దరిని పోటీకి నిలబెట్టే ముందు ఏ తూకం నియమమో నీ స్నేహితులతో ముందే తేల్చుకో. లేకపోతే గంటసేపు మాట్లాడినా ఇద్దరూ వేర్వేరు పోటీల గురించి మాట్లాడినట్టే.

ఇక నీ మేవెదర్. గార్డు ఆడే కళలో, ఎడమ భుజం ముందుకు తిప్పి గుద్దుని జారవిడిచి వెంటనే కుడిచేత్తో బదులివ్వడంలో, అతని సాటి తక్కువ. అది నేను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. అయితే అతని ప్రత్యర్థుల్ని పట్టికలో వేసి చూడు. హాటన్ 140 నుంచి పైకి వచ్చినవాడు. మార్కెజ్ 135 నుంచి వచ్చాడు, పైగా ఒప్పుకున్న 144కి మేవెదరే రెండు పౌండ్లు ఎక్కువ తూగాడు. మోస్లీకి అప్పుడు 38 ఏళ్లు, అయినా రెండో రౌండులో మేవెదర్‌ని కుదిపేశాడు. పాకియావ్‌తో పోటీ అందరూ అడిగింది 2009 నుంచి, జరిగింది 2015 మేలో. డి లా హోయా, కానెలో పోటీలు 147 పైన జరిగినవి కాబట్టి ఇక్కడికి రావు. గెలుపులన్నీ నిజమైనవే, కానీ సరైన వయసులో, సరైన బరువులో ఉన్న మొదటి శ్రేణి వెల్టర్‌వెయిట్ ఆ వరసలో అరుదు. ఈ తరం ఛాంపియన్ టెరెన్స్ క్రాఫర్డ్‌కీ ఇదే ఇబ్బంది. 2023 జులైలో ఎరల్ స్పెన్స్‌ని మూడుసార్లు పడగొట్టి తొమ్మిదో రౌండులో ఆపిన పోటీ ఈ తరంలోకెల్లా గొప్ప ప్రదర్శన, నాలుగు బాక్సింగ్ సంస్థల బెల్టులూ కలిపాడు. అంత పెద్ద పేరు అతనికి ఈ బరువులో ఇంకోటి లేదు.

నాలుగో స్థానం నేను హోసే నపోలెస్‌కి ఇస్తాను. 1969 నుంచి 1975 దాకా, మధ్యలో గాయం వల్ల ఆరు నెలలు పోగొట్టుకున్నా, అదను చూసి కొట్టడంలో అతనంత పొదుపైనవాడు లేడు. మేవెదర్ ఐదు.

రాబిన్సన్ మీద ఒక అభ్యంతరం మిగిలే ఉంది. చార్లీ బర్లీతో అతను ఎప్పుడూ తలపడలేదు. అప్పటి పెద్ద బాక్సర్లు చాలామంది తప్పించుకున్న మనిషి బర్లీ. నీకు ఎదురు వాదించాలనుంటే 19 ఓటములు వదిలేసి అది పట్టుకో, జవాబు చెప్పడం నాకూ కష్టమే.

ఈ ఆదివారం లెనార్డ్-హర్న్స్ పోటీ మళ్లీ పెట్టుకో. వ్యాఖ్యానం వినపడకుండా ఆపేయి. ప్రతి రౌండు అయ్యాక మూడు నిమిషాలు ఆపి, 10-9 (రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9) ఎవరికో, ఎందుకో ఒక్క వాక్యం రాయి, తర్వాతి రౌండు చూశాక దాన్ని దిద్దకు. పన్నెండో రౌండు దగ్గర గీత గీసి అక్కడికి మొత్తం వేయి. నీ కార్డు మొత్తంగా పంపు, ముఖ్యంగా ఆరు, ఏడు, ఎనిమిది రౌండ్లు ఎవరికి ఇచ్చావో చూడాలి.

ప్రేమతో,
నాన్న