వార్షిక నివేదిక 2024–25: వృత్తి విద్యా బోధకుల పురస్కారం

సభ్యులందరికీ నమస్కారం.

దసరా నుంచి దసరా వరకు లెక్కపెట్టుకునే మన సంవత్సరంలో, దక్షిణ ఒడిశాలోని మన తెలుగు సంఘానికి చెందిన రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, కొరాపుట్, జయపురం శాఖలు కలిసి చేసిన పనుల నివేదిక ఇది. ఉగాది కవిసమ్మేళనం, వేసవిలో పిల్లలకు తెలుగు చదవడం రాయడం నేర్పే తరగతులు, కార్తీక వనభోజనాలు ఎప్పటిలాగే జరిగాయి. ఆదాయ వ్యయాల పట్టికను ఆడిటర్ సంతకంతో విడిగా జతచేశాం. ఇక్కడ ఎక్కువ చోటు ఐటీఐ బోధకుల పురస్కారానికే ఇస్తున్నాం. ఈ ఏడాది కార్యవర్గం ఎక్కువగా శ్రమపడింది దానికోసమే. పద్ధతి వివరంగా రాస్తే మిగతా ఊళ్ల సంఘాలు కూడా చేపట్టగలవన్నది మా ఆశ.

ఎవరికి, ఎందుకు

ఐటీఐల్లో చేతిపనులు నేర్పే క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్ మన దేశంలో 1950లో మొదలైంది. బడి ఉపాధ్యాయులకు జాతీయ పురస్కారాలు 1958 నుంచి ఉన్నాయి. చేతిపని నేర్పేవారి వంతు చాలా ఆలస్యంగా వచ్చింది. 2019లో కేంద్రం కౌశలాచార్య పేరుతో గుర్తింపు మొదలుపెట్టింది. 2023లో జాతీయ ఉపాధ్యాయ పురస్కారాల పరిధిని పెంచి, ఆ ఏడాది ఎంపికైన 75 మందిలో 12 మందిని నైపుణ్యాభివృద్ధి శాఖ పరిధిలోని శిక్షకుల నుంచి తీసుకున్నారు. ఇది మంచి మార్పు. అయినా బడుల విభాగం నిబంధనల ప్రకారం కాంట్రాక్టు ఉపాధ్యాయులు అర్హులు కారు. మన ప్రాంతంలో వృత్తి విద్య చెప్పేవాళ్లలో గెస్టు, కాంట్రాక్టు బోధకులు చాలామంది. అందుకే మన పురస్కారానికి పర్మనెంటు ఉద్యోగం షరతు పెట్టలేదు. సర్కారీదైనా ప్రైవేటుదైనా ఒకే సంస్థలో వరుసగా రెండు బ్యాచ్‌లకు పని నేర్పి ఉంటే చాలు. బోధకుడు తెలుగువాడా, ఒడియావాడా, ఆదివాసీనా అన్నది కూడా చూడం. మన పిల్లలు అందరి దగ్గరా నేర్చుకుంటున్నారు.

పేర్లు ప్రకటించే రోజు ఆగస్టు 29. పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 1880లో ఉపాధ్యాయుడిగా చేరి, సవర పిల్లలకు చదువు చెప్పడానికి ముందు తానే సవర భాష నేర్చుకున్న గిడుగు రామమూర్తి గారి జయంతి అది. ఈ పురస్కారానికి అంతకన్నా తగిన తేదీ కార్యవర్గానికి కనిపించలేదు.

నామినేషన్

పత్రం ఒకే పేజీ. బోధకులు తమ పేరు తామే పంపుకోకూడదు. పాత ట్రైనీ, ప్రిన్సిపాల్, లేదా ఆ బోధకుడి దగ్గర నేర్చినవాళ్లను పనిలో పెట్టుకున్న వర్క్‌షాపు యజమాని పంపాలి. ఫొటోలు, పేపర్ కటింగ్‌లు, సెమినార్ సర్టిఫికెట్లు జతచేయొద్దని పత్రంలోనే రాశాం. లావుపాటి ఫైలు తయారుచేసే తీరిక గుమాస్తాలున్న పెద్ద సంస్థలకే ఉంటుంది. రోజంతా షాప్‌ఫ్లోర్ మీద నిలబడేవాడి దగ్గర ఫైలు ఉండదు. పత్రంలో అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ బోధకుడి దగ్గర ట్రైనీ చేయగలిగేది, వేరేచోట చేయలేనిది ఏమిటి? దానికి జవాబుగా ఒక జాబ్ (ట్రైనీ చేత్తో చేసి చూపించే పని) పేరు, ఒక పనిముట్టు పేరు లేకుండా వచ్చిన పత్రాలను పంపినవాళ్లకే తిప్పి పంపి మళ్లీ రాయించాం.

వర్క్‌షాపు పరిశీలన

సందర్శనలు జనవరి, ఫిబ్రవరి నెలల్లోనే పెట్టాలి. జూలై, ఆగస్టుల్లో ట్రైనీలు అఖిల భారత ట్రేడ్ టెస్టు (ఐటీఐ చివరి పరీక్ష) హడావిడిలో ఉంటారు. ఆ తర్వాత వచ్చే కొత్త బ్యాచ్‌కు పనిముట్టు ఇంకా చేతికి అలవాటుపడదు. సెప్టెంబరు 17 విశ్వకర్మ పూజనాడు యంత్రాలు కడిగి బొట్టుపెట్టి ఆపేస్తారు కాబట్టి ఆరోజు చూసేది ఏమీ ఉండదు. గుణుపూర్, పర్లాకిమిడి రెండూ నౌపడ రైలు మార్గంలోనివే. వాటిని ఒకే బృందానికి ఇస్తే దారిఖర్చు తగ్గుతుంది.

బృందంలో ఇద్దరు: ఒకరు ఆ ట్రేడులో (వృత్తి విభాగంలో) పనిచేసి రిటైరైనవారు, ఇంకొకరు ఉపాధ్యాయులు. ఇద్దరిలో ఎవరికీ ఆ సంస్థతో పాత ఉద్యోగ సంబంధం ఉండకూడదు. 20 మంది యూనిట్‌లో హాజరుపట్టీ ప్రకారం ప్రతి నాలుగో నంబరును పిలిస్తే ఐదుగురు వస్తారు. ఎంపిక ఇన్‌స్ట్రక్టర్ చేతికి వదిలితే చురుకైన ఐదుగురే ముందుకొస్తారు. అప్పుడు మిగతా పదిహేనుమందికి ఏం అందిందో తెలియదు.

మొత్తం 100 మార్కులు. ట్రైనీల చేతిపనికి 40, పాత బ్యాచ్ ఇప్పుడు ఏం చేస్తోందన్నదానికి 25, భద్రతకూ పనిముట్ల సంరక్షణకూ 20, పాఠం అర్థమయ్యేలా చెప్పే తీరుకు 15.

ఫిట్టర్ ట్రేడులో 10 మిల్లీమీటర్ల మందం ఎంఎస్ ఫ్లాట్ (మెత్తటి ఉక్కు పట్టీ) ముక్క ఇచ్చి, ఆనుకుని ఉన్న రెండు అంచులను ఆకురాయితో చదును చేసి లంబకోణం తెమ్మంటాం. ట్రై స్క్వేర్ (మూలమట్టం) ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే, రెండు చివర్లలోనూ వెలుగు కనబడి మధ్యలో కనబడకపోతే మధ్య ఉబ్బినట్టు. కొత్త చేతుల్లో ఇదే ఎక్కువగా కనిపించే లోపం. ఆకురాయి ముందుకు సాగుతున్నకొద్దీ ఎడమచేతి ఒత్తిడి తగ్గించి కుడిచేతి ఒత్తిడి పెంచాలి. అలా చేయకపోతే ఆకురాయి ఊగి చివర్లు ఎక్కువ తినేస్తుంది. దీనికి సగం కారణం వైస్ (ముక్కను బిగించి పట్టే బెంచీ పనిముట్టు) ఎత్తులో ఉంటుంది. దవడల పైభాగం ట్రైనీ మోచేతి ఎత్తుకు రావాలి. బెంచీలేమో అన్నీ ఒకే ఎత్తు. ఈ ఏడాది పురస్కారం పొందిన ఫిట్టర్ బోధకుడి షాపులో పొట్టి పిల్లలు నిలబడడానికి రెండు మందాల చెక్కపీటలు ఉన్నాయి. కదలకుండా వాటి అడుగున పాత టైరు రబ్బరు కొట్టారు. అక్కడ ఐదుగురి అంచుల్లో ఉబ్బు దాదాపు లేదు. లోపం ఉన్న ట్రైనీ కూడా అది ఎందుకొచ్చిందో అడగ్గానే చెప్పగలిగాడు. ఆ జవాబుకూ మార్కులుంటాయి. చేతిపనిలో తప్పు వస్తూనే ఉంటుంది, కారణం తెలిసినవాడు దాన్ని రేపు దిద్దుకుంటాడు.

వెల్డర్ ట్రేడులో 6 మిల్లీమీటర్ల ప్లేట్లకు 60 డిగ్రీల వీ తీయించి, 3.15 మిల్లీమీటర్ల ఈ6013 రకం వెల్డింగ్ రాడ్డుతో 100–130 ఆంపియర్ల మధ్య బట్ జాయింట్ (అంచుకు అంచు ఆనించిన అతుకు) వేయిస్తాం. పైకి పూస అందంగా ఉందా అన్నదానికి తక్కువ మార్కులే. అతుకు మీద హాక్‌సా బ్లేడుతో గాటుపెట్టి, వైస్‌లో బిగించి సుత్తితో విరగ్గొట్టి, విరిగిన ముఖం చూస్తాం. లోపల నల్లటి చారలుంటే స్లాగ్ (వెల్డ్ మీద పేరుకునే చిట్టెం) సరిగా రాలగొట్టకుండా రెండో వరుస వెల్డ్ వేసినట్టు. సన్నటి రంధ్రాలుంటే రాడ్డు తడిసి ఉంటుంది, లేదా ప్లేటు మీద తుప్పో నూనో ఉంటుంది. అడుగున కరగని అంచు గీతలా కనబడితే రూట్ గ్యాప్ (రెండు ప్లేట్ల మధ్య అడుగున ఉంచే సందు) మూసుకుపోయినట్టు. ఈ చివరిదానికి కారణం చాలామందికి తెలియదు. వెల్డ్ చల్లారి ముడుచుకునేటప్పుడు ఎదురుగా ఉన్న సందును లాగేస్తుంది. అందుకే టాక్ (ప్లేట్లను ముందు పట్టి ఉంచే చిన్న వెల్డ్) వేసేటప్పుడే అవతలి చివర సందు కొంచెం ఎక్కువ ఉంచాలి. పూత రాలగొట్టిన 2.5 మిల్లీమీటర్ల రాడ్డు తీగను మధ్యలో పెట్టి సందు కొలవడం ఇక్కడి మంచి బోధకులందరికీ అలవాటే.

రాయగడ, కొరాపుట్ కొండల్లో వానాకాలం నాలుగు నెలలూ రాడ్డు పూత తేమ పీలుస్తుంది. ఈ6013 రాడ్లను సుమారు 100–120 డిగ్రీల వేడిలో ఒక గంట ఆరబెట్టాలి. ఓవెన్ లేని ఒకచోట బోధకుడు పాత ఇనుప బీరువాలో అడుగున 200 వాట్ల బల్బు వెలిగించి రాడ్లు నిల్వ చేస్తున్నారు. ఇది తడిసిన రాడ్డును ఆరబెట్టదు, పొడిగా ఉన్నదాన్ని పొడిగా ఉంచుతుంది. ఆ తేడాను గోడ మీద ఒడియాలోనూ తెలుగులోనూ రాసి పెట్టారు. బృందం పూర్తి మార్కులు వేసింది.

ఎలక్ట్రీషియన్ ట్రేడులో మొదట చూసేది షాపు సొంత బోర్డునే. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చు) టెస్టు బటన్ నొక్కితే ట్రిప్ అవుతుందా? ట్రైనీలు వేసిన వైరింగ్‌ను 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరుతో) కొలిస్తే కనీసం ఒక మెగోమ్ చూపిస్తోందా? ఎర్త్ పిట్ గొట్టంలో చివరిసారి నీళ్లు ఎప్పుడు పోశారో రాసిన రిజిస్టరు ఉందా? ఎండాకాలంలో మట్టి ఎండి ఎర్త్ రెసిస్టెన్స్ పెరుగుతుంది, అందరూ మర్చిపోయేది కూడా అప్పుడే.

కుట్టుపని ట్రేడులో పరీక్ష చిన్నదే: చంక భాగంలో చేతిని ముడత లేకుండా అతకడం. గుడ్డ అడుగువైపు దారం ఉచ్చులుగా వస్తుంటే చాలామంది బాబిన్‌ను (అడుగుదారపు చుట్టను) సవరించబోతారు. లోపం ఉండేది పైదారం బిగువులో, లేదా దారం టెన్షన్ డిస్కుల మధ్య సరిగా కూర్చోకపోవడంలో. పురస్కారం పొందిన బోధకురాలి ట్రైనీలు ముందు పైదారాన్నే మళ్లీ ఎక్కించి చూశారు.

పాత బ్యాచ్‌కు ఫోన్లు

క్యాంపస్ సెలక్షన్ రోజున ఆఫర్ లెటర్ పట్టుకున్నవాళ్లందరినీ ఉద్యోగులుగా లెక్కేయడం సరికాదు. గది అద్దె, తిండి ఖర్చు చూసుకుని నెలలోపే ఇంటికి తిరిగొచ్చేవాళ్లు ఎక్కువ. అందుకని కోర్సు ముగిసిన ఆరు నెలలకు ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడుగుతాం: ఎక్కడున్నారు, నేర్చిన ట్రేడులోనే ఉన్నారా, నేర్చినదాంట్లో రోజూ పనికొచ్చేది ఏది. అడ్మిషన్ పత్రంలో ఉండేది చాలావరకు తండ్రి నంబరు, అదీ మారిపోయి ఉంటుంది. బ్యాచ్ పేరిట వాట్సాప్ గ్రూపు నడుపుతున్న బోధకుల దగ్గరే మాకు సరైన నంబర్లు దొరికాయి.

ఈ ఫోన్లలో పదేపదే బయటపడిన ఇబ్బంది ఒకటుంది. మన తెలుగు ఇళ్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, ఇక్కడి రికార్డుల్లో వెనక రాస్తారు. ఆధార్‌లో ఒకలా, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకోలా, ఐటీఐ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు చేసేటప్పుడు అవి కలవవు, దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. సునాబేడా హెచ్‌ఏఎల్ (విమాన ఇంజన్ల కర్మాగారం), దామన్‌జోడి నాల్కో (అల్యూమినియం సంస్థ), రాయగడ పేపరు మిల్లు, రైల్వే లాంటి చోట్ల అవకాశం వచ్చినప్పుడు గడువు లోపల పేరు దిద్దించుకోవడం అయ్యే పని కాదు. 30 మంది, ఆపైన పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలని నిబంధన ఉంది. అంటే చోటు ఉంటుంది, కాగితం దగ్గరే మన పిల్లలు వెనకబడుతున్నారు. అడ్మిషన్ నెలలోనే మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఉన్నవాళ్లను పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారం ఆధార్ మార్పించుకోమని వెంటపడి పంపే బోధకులున్నారు. ఇది సిలబస్‌లో లేని పని. మా దృష్టిలో బోధనలో భాగమే. 25 మార్కుల్లో 5 దీనికే కేటాయించాం.

ఇచ్చేది ఏమిటి

సన్మానం మన వేదిక మీద చేయలేదు, వాళ్ల వర్క్‌షాపులోనే ట్రైనీల ఎదుట చేశాం. వేదికకైతే కార్యవర్గం వస్తుంది, ట్రైనీలు రాలేరు. శాలువా ఒకటి చాలు. మిగతా డబ్బు పనిముట్లకే. ఫిట్టర్ బోధకుడికి 0–25 మిల్లీమీటర్ల మైక్రోమీటర్, వెల్డర్ బోధకుడికి వెలుగుకు తనంతట తానే నల్లబడే హెల్మెట్, కుట్టుపని బోధకురాలికి మంచి ఉక్కు కత్తెర, ఫ్రెంచ్ కర్వ్ సెట్టు. ఇవి వ్యక్తిగతంగా వారి పేరున బిల్లుతో ఇచ్చాం, బదిలీ అయినా వెంట తీసుకెళ్లవచ్చు. రాడ్ల ప్యాకెట్లు, ఆకురాళ్లు, బ్లేడ్లు, దారపు ఉండలు మాత్రం సంస్థకు విరాళం లేఖతో ఇచ్చి, స్టాక్ రిజిస్టరులో ఎక్కించాక ప్రిన్సిపాల్ సంతకం తీసుకున్నాం. లేఖ లేకుండా ఇచ్చిన సామాను ఆడిట్ భయంతో స్టోర్ గదిలో తాళం వెనకే ఉండిపోతుంది.

ప్రశంసాపత్రం ఒడియా, తెలుగు రెండు భాషల్లోనూ ఉంటుంది. అందులో విశేషణాలు వద్దని నియమం పెట్టుకున్నాం. ‘నిరుపమాన సేవ’ అని రాస్తే ఎవరికైనా సరిపోతుంది. ‘వైస్ ఎత్తుకు పీటలు చేయించి ప్రతి ట్రైనీ అంచును చదునుగా తెచ్చినందుకు’ అని రాస్తే అది ఆయనకే చెందుతుంది. గ్రహీతల పేర్లు, సంస్థలు శాఖల నోటీసు బోర్డుల్లో ఉన్నాయి.

వచ్చే సంవత్సరం

కాంట్రాక్టు బోధకుల్లో చాలామందికి క్రాఫ్ట్ ఇన్‌స్ట్రక్టర్ శిక్షణ (బోధకులకు పని నేర్పే పద్ధతి చెప్పే కోర్సు) లేదు. అది ఏడాది కోర్సు. భువనేశ్వర్, హైదరాబాద్ విద్యానగర్ లాంటి జాతీయ సంస్థల్లో ఉంటుంది. ఏడాది జీతం మానుకుని వెళ్తే తిరిగొచ్చేసరికి ఉన్న చోటు ఉంటుందన్న భరోసా వాళ్లకు లేదు. ప్రవేశ పరీక్ష ఫీజు, ప్రయాణం, హాస్టల్ ఖర్చులో సాయం చేయడానికి చిన్న నిధి పెట్టాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. సర్వసభ్య సమావేశంలో దీనిపై నిర్ణయం కావాలి.

కంప్యూటర్ ట్రేడునూ, హైస్కూళ్లలో ఏజెన్సీల ద్వారా పనిచేస్తున్న వృత్తి విద్యా శిక్షకులనూ ఈసారి కలుపుతున్నాం. వాళ్ల పరిశీలనకు తగిన పరీక్షా జాబ్‌లు రాసిచ్చేందుకు ఆ రంగంలో పనిచేస్తున్న సభ్యులు ముందుకు రావాలి. ట్రేడులవారీ పరిశీలకులు కూడా చాలరు, ముఖ్యంగా డీజిల్ మెకానిక్, ప్లంబర్ పనుల్లో అనుభవం ఉన్నవారు కావాలి. నామినేషన్ పత్రాలు అన్ని శాఖల్లోనూ దొరుకుతాయి. నింపినవి నవంబరు నెలాఖరులోగా మీ శాఖ కార్యదర్శికి అందజేయండి.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి