చిన్నపిల్లలకి తెలుగు బొమ్మల పుస్తకాలతో బొమ్మలాట పెట్టించండి

సంపాదకులు గారికి నమస్కారం.

బెంగళూరులో ఉన్న మన తెలుగు సంఘాల వాళ్ళని మీ పేపర్ ద్వారా ఒకటి అడగాలని రాస్తున్నా. ఐదారేళ్ళ లోపు పిల్లల కోసం తెలుగు బొమ్మల పుస్తకాల కథలతో ఒక బొమ్మలాట పెట్టించండి. ఉగాది, సంక్రాంతి ప్రోగ్రాముల్లో పెద్దపిల్లల డాన్సులు, పాటలు, సన్మానాలు ఉంటున్నాయి గానీ ఒళ్ళో కూర్చునే వయసు పిల్లలకి ఏమీ ఉండట్లేదు, వాళ్ళు కుర్చీల మధ్య పరిగెడుతుంటే మనం వాళ్ళ వెనకాల తిరగడమే సరిపోతోంది.

ఈ మధ్య మా పాపని, బాబుని ఒక ఇంగ్లీష్ పప్పెట్ షోకి తీసుకెళ్ళాం, రోజూ పడుకునే ముందు చదివే పుస్తకాల కథలే అవి. పాపకి నాలుగేళ్ళు, ఆ పుస్తకాలు మొత్తం కంఠతా వచ్చు, బొమ్మ రాగానే తర్వాత ఏం జరుగుతుందో బొమ్మ కంటే ముందే అరిచి చెప్పేసింది, పక్కన పిల్లలు కూడా అంతే. కథ ముందే తెలిస్తే బోర్ కొడుతుందని మనం అనుకుంటాం గానీ ఈ వయసులో తెలిసిన కథ తెలిసినట్టే జరగడమే సంతోషం, ఒక్క ముక్క మారినా ఒప్పుకోరు. బాబు చిన్నోడు, లైట్లు ఆర్పగానే ఏడ్చాడు, తలుపు దగ్గర నిలబడి చూపిస్తే కాసేపటికి వాడే లోపలికి పదమన్నాడు. ఇంటికొచ్చాక ఇద్దరూ చేతులకి సాక్సులు తొడుక్కుని మళ్ళీ ఆడారు, కానీ ఒక్క మాట తెలుగులో లేదు. ఇంట్లో మేం మాట్లాడేది తెలుగే అయినా ఆటలో ఇంగ్లీషే వస్తోంది, నిజంగా బాధేసింది.

తెలుగులో కథలు లేవా అంటే ఉన్నాయి. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళు ఈ ఊరి వాళ్ళే, 2015లో వాళ్ళు మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల పుస్తకాలు ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని ముందే అనుమతిచ్చే క్రియేటివ్ కామన్స్ (CC BY) లైసెన్స్ ఉన్నవాటికి రాసినవాళ్ళ పేరు, బొమ్మలేసినవాళ్ళ పేరు చెప్పి ఆటగా మార్చుకోవచ్చు, విడిగా పర్మిషన్ అక్కర్లేదు.

ఆడించేవాళ్ళు కూడా దగ్గర్లోనే ఉన్నారు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారుల కుటుంబాలున్నాయి, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలుని పల్చగా చేసి రంగులేస్తారు కాబట్టి వెనక దీపం పెడితే తెర మీద నల్లనీడ కాదు, రంగులే కనిపిస్తాయి, నగల దగ్గర కొట్టిన చిల్లుల్లోంచి వెలుగు మెరుస్తుంది. నన్నడిగితే బొమ్మల పుస్తకానికి ఇంతకంటే దగ్గరి కళ లేదు, రెండిట్లోనూ గట్టి గీత, నిండు రంగు, పక్కకి తిరిగిన మొహం. ఆటలు తగ్గిపోయి ఇప్పుడు ఆ కళాకారులు లాంప్‌షేడ్లు చేసి అమ్ముకుంటున్నారు. రామాయణం ఆడించే చేతులకి పిల్లిని, ఏనుగుని, ఆటోని ఆడించడం కష్టమా? మధ్యలో తోలుబొమ్మలాటలో నవ్వించే జుట్టుపోలిగాడు, బంగారక్క కూడా వస్తే మా పిల్లలు పడీపడీ నవ్వుతారు.

కాకపోతే రాత్రంతా ఆడే ఆటని అలాగే తెస్తే పిల్లలు కూర్చోరు, ముప్పావుగంట చాలు, అదీ మధ్యాహ్నం నిద్ర టైమ్‌లో వద్దు. పూర్తి చీకటి చెయ్యకుండా పక్కన చిన్న లైటు ఉంచండి, మైకు సౌండ్ తగ్గించండి, ముందు చాపలేసి పిల్లల్ని కూర్చోబెట్టండి. ఆట ముందు స్పీచ్‌లు దయచేసి వద్దు. ఇక్కడి రంగ శంకర థియేటర్‌లో నాటకం మొదలయ్యాక ఎవర్నీ లోపలికి రానివ్వరు, అలా చెప్పిన టైమ్‌కే మొదలవ్వాలి, మన వాళ్ళు ఒకసారి అలవాటు పడితే వస్తారు. అన్నిటికంటే ముఖ్యం, వారం ముందే ఆ పుస్తకాల పీడీఎఫ్‌లు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టండి, తెలుగు చదవడం రాని తల్లిదండ్రుల కోసం ఎవరైనా చదివి ఆడియో కూడా పెట్టండి, పిల్లలు కథ తెలుసుకుని వస్తేనే బొమ్మతో కలిసి తెలుగులో అరుస్తారు.

వయ్యాలికావల్ తెలుగు విజ్ఞాన సమితి హాల్లోనైనా సరే, వైట్‌ఫీల్డ్ వైపు ఏ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లోనైనా సరే. టికెట్ పెట్టండి, కొంటాం, కళాకారులకి రానుపోను ఖర్చులు, మంచి పారితోషికం అందాలి కదా. ఏ సంఘమైనా ముందుకొస్తే కథలు ఎంచడానికి, ఆడియో చదవడానికి, ఆ రోజు పిల్లల్ని చూసుకోడానికి మా అపార్ట్‌మెంట్‌లో తెలుగు అమ్మలందరం వస్తాం.

ఇట్లు
ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు