అమ్మ శ్రుతిని వెనక్కి తెచ్చిన పాలకొల్లు తమ్ముడికి

తమ్ముడూ, పేరు రాయొద్దన్నావు కాబట్టి రాయడం లేదు. కానీ నలుగురిలో థాంక్స్ చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

తెలియనివాళ్ల కోసం కాస్త ముందు నుంచి చెబుతాను. మాది అల్లవరం దగ్గర పల్లెటూరు. అమ్మకి 74 ఏళ్లు. నలుగు పాటలు, మంగళహారతులు, అప్పగింతల పాటలు వాళ్ల అమ్మమ్మ దగ్గర విని నేర్చుకుంది. కాగితం మీద ఎక్కడా లేవు. ఇంట్లోనే రికార్డు చేద్దామని సంక్రాంతికి యూఎస్‌బీ మైకు కొన్నాను. తీరా పాడిస్తే శ్రుతిపెట్టె రెండు మూడు సెకన్లు వినపడి మాయమైపోయేది. అమ్మ ఒక స్వరం మీద నిలబడితే అదీ నీరసించిపోయేది. "నా ఊపిరే చాలట్లేదు రా, ఇంక వదిలెయ్" అంది. ఆ మాటతో మైకు అటకెక్కింది.

ఆ గోడంతా నేను రాసుకుంటే చదివి నువ్వు ఫోన్ చేసి ముందు అడిగింది సెట్టింగుల గురించి కాదు. "అన్నా, రికార్డింగ్ పెట్టి మైకు మీద గోటితో కొట్టు, తర్వాత ల్యాప్‌టాప్ మీద కొట్టు" అన్నావు. విని చూస్తే మైకు దగ్గర కొట్టింది ఎక్కడో దూరంగా టిక్కుమంది. ల్యాప్‌టాప్ మీద కొట్టింది డోలు మోగినట్టు మోగింది! అంటే ఇన్నాళ్లూ ఆ మైకు అమ్మ ముందు ఉత్సవ విగ్రహం. నేను ఆడాసిటీ (రికార్డు చేసే సాఫ్ట్‌వేర్) తెరిచాక మైకు గుచ్చేవాణ్ణి. తెరిచేసరికి ఉన్నవే దానికి కనపడతాయట. ముందే గుచ్చాలి, లేదా ఆడియో సెటప్‌లో 'రీస్కాన్ ఆడియో డివైసెస్' నొక్కి, ఆ మైకుని ఎంచుకోవాలి.

మరి శ్రుతి ఎందుకు పోయింది? అది నా నిర్వాకమే. మా పెరటి వెనక రొయ్యల చెరువులు, నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్ల హోరు. అది తగ్గుతుందని ల్యాప్‌టాప్ మైకుకి నాయిస్ సప్రెషన్ (రొదని కోసేసే సెట్టింగు) నేనే ఆన్ చేశాను. మాట హెచ్చుతగ్గులతో సాగుతుంది కాబట్టి దాన్ని ఉంచి, మారకుండా ఒకేలా మోగేదాన్ని రొద అనుకుని కోసేస్తుందని నువ్వు చెబితే గానీ తెలియలేదు. శ్రుతి అంటేనే మారకుండా మోగేది కదా! దాని లెక్కలో శ్రుతిపెట్టే, ఏరియేటరూ ఒకటే. అమ్మ ఊపిరి బాగానే ఉంది.

ఆ తర్వాతవి చకచకా అయిపోయాయి. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్‌కి వెళ్లి, ఇన్‌పుట్ కింద మన మైకు మీద నొక్కి, శబ్దాన్ని తనంతట తానే మార్చే 'ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్' ఆఫ్ చేయించావు. అక్కడా, ఆడాసిటీలోనూ శాంపిల్ రేటు (సెకనుకి శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలన్నది) ఒకేలా 48000 హెర్ట్జ్ పెట్టించావు. అమ్మ పైస్థాయి అందుకున్నా మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా ఇన్‌పుట్ వాల్యూమ్ తగ్గించావు.

హోరు మాత్రం మిగిలింది. ఏరియేటర్లు ఆపమని అడగలేం, రొయ్యలు ఊపిరాడక చస్తాయి. దానికోసం ఆదివారం చించినాడ వంతెన దాటి బండి మీద వచ్చేశావు. ఈ మైకు ముందువైపు బాగా, వెనకవైపు తక్కువ వింటుందని దాని వీపు కిటికీ వైపు తిప్పావు. కిటికీకి బొంత వేలాడదీసి, అమ్మని జానెడు దూరంలో కూర్చోబెట్టావు. హెడ్‌ఫోన్స్‌లో చెవి పెట్టి వింటే ఇంకా కొంచెం ఉంది. ఉండనీ, మా ఊరి చప్పుడే కదా.

డబ్బులు ఎంతన్నా నవ్వావే తప్ప చెప్పలేదు. ఆరు పొట్టిక్కలు తిన్నావు, అమ్మ దృష్టిలో అది తక్కువే. ఇప్పటికి పదకొండు పాటలయ్యాయి. మూడోదాన్లో కాకి అరిచిందని అమ్మ మళ్లీ పాడతానంటోంది. నీ హెడ్‌ఫోన్ పిన్ను ఇక్కడే మర్చిపోయావు. అమ్మ దాన్ని శ్రుతిపెట్టె మీద పెట్టింది, వచ్చి తీసుకెళ్లమంటోంది.