ఫ్రౌస్టాట్ వెళ్లే ముందు

అమ్ములూ,

సెలవుల్లో వ్రోత్స్వాఫ్ నుంచి మీ ఫ్రెండ్స్‌తో కలిసి పోలండ్‌లోనే ఉన్న వ్‌స్ఖోవా ఊరికి వెళ్తున్నామన్నావు. దాని పాత జర్మన్ పేరు ఫ్రౌస్టాట్. వెళ్లేలోపు అక్కడ జరిగిన యుద్ధం గురించి నీకు చెప్పాలనిపించింది.

1706 ఫిబ్రవరి 13. ఒకవైపు స్వీడన్, ఎదురుగా సాక్సనీ అనే జర్మన్ రాజ్యం, రష్యా సైన్యాలు. స్వీడన్ సేనాని రేన్‌షోల్డ్ దగ్గర పదివేల మంది కూడా లేరు, సాక్సన్ సేనాని షూలెన్‌బుర్గ్ దగ్గర దాదాపు రెట్టింపు. స్వీడన్ రాజు పన్నెండో చార్లెస్ దూరంగా గ్రోడ్నో దగ్గర ఉన్నాడు. సాక్సనీ పాలకుడు, పోలండ్ రాజు అయిన అగస్టస్ గుర్రపు దళంతో వచ్చి రేన్‌షోల్డ్‌ను ఇరికించాల్సింది, రానేలేదు. స్వీడన్ గుర్రపు దళాలు రెండు పక్కల నుంచీ చుట్టుముట్టాయి. రెండు గంటల్లో అంతా అయిపోయింది, స్వీడన్ గెలిచింది. యుద్ధ విద్య పుస్తకాలు కథను ఇక్కడి వరకూ చాలా గొప్పగా చెప్తాయి.

నువ్వు ఆ తర్వాతి సంగతి కూడా తెలుసుకోవాలి. సాక్సన్లవి ఎర్ర కోట్లు. రష్యన్ సైనికులు తమ కోట్లు తిరగేసి, లోపలి ఎర్ర గుడ్డ పైకి కనబడేలా వేసుకుని, సాక్సన్లలా కనబడాలని చూశారు. అయినా గుర్తుపట్టారు. ఆయుధాలు పడేసి లొంగిపోయిన రష్యన్లను సుమారు 500 మందిని చంపేశారు. ఆజ్ఞ రేన్‌షోల్డ్‌దేనని చాలామంది చరిత్రకారులు అంటారు.

అదే రోజు, అదే పొలాల్లో సాక్సనీ తరఫున పోరాడిన ఫ్రెంచి సైనికులూ లొంగిపోయారు. 1704లో జర్మనీలోని బ్లెన్‌హైమ్ దగ్గర వేరే యుద్ధంలో ఖైదీలై, తర్వాత సాక్సన్ సైన్యంలో చేరినవాళ్లు వాళ్లు. వాళ్లను స్వీడన్ తన సైన్యంలోకే తీసుకుంది. లొంగిపోయినవాడు ఏ దేశంవాడన్నదాన్ని బట్టి బతకడమో చావడమో తేలింది. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

రేన్‌షోల్డ్‌కు ఫీల్డ్ మార్షల్ పదవి దక్కింది. అదే ఏడాది చార్లెస్ సాక్సనీలోకి దిగి, అగస్టస్ చేత పోలండ్ సింహాసనం వదిలించాడు. 1709లో పోల్తావా యుద్ధంలో ఇదే రేన్‌షోల్డ్ రష్యన్లకు చిక్కాడు. రష్యా చక్రవర్తి పీటర్ అతన్ని ఖైదులో ఉంచాడే గానీ చంపలేదు. 1718లో ఖైదీల మార్పిడిలో అతను స్వీడన్ చేరాడు.

అక్కడి మ్యూజియంలో ఆ 500 మంది గురించి ఏమైనా రాశారేమో చూడు. లేకపోతే అడుగు, వాళ్లేమన్నారో నాకు రాయి. ఆ ప్రాంతంలో చలి ఎక్కువ, స్వెటర్ మర్చిపోకు.

మీ అమ్మ